హనుమాండ్లు చూడని అయిదు సినిమాలు

అమీర్‌పేట మిషను బడి మాస్టరు శాంతిరాజు ఆ శనివారం పొద్దున పంజాగుట్ట మూల మీద నిలబడి సినిమా వారపత్రిక విప్పేసరికి, తాను పదిహేను రోజులు చెమటోడ్చి రాసిన వ్యాసం కింద టాంగా తోలే హనుమాండ్లు పేరు అచ్చయి ఉంది.

మళ్ళీ చూశాడు. కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, పెట్టుకుని మూడోసారి చూశాడు. అక్షరాలు కదల్లేదు. ‘ఈ ఏటి మేటి చిత్రాలు అయిదు. పాఠకుల పోటీలో ప్రథమ బహుమతి. రచన: శ్రీ హనుమాండ్లు, అమీర్‌పేట, హైదరాబాదు.’

ఆ పొద్దుటి ఏర్పాటు చాలా చిన్నది. మొగిలయ్య దుకాణంలో పాత ఉర్దూ అఖబారులో చుట్టి దాచిన వారపత్రిక తీసుకోవాలి. దాన్ని కీర్తనల పుస్తకంలో పెట్టుకోవాలి. తొమ్మిదికల్లా బడి గంట కొట్టించాలి. దారిలో ఏ చెట్టు చాటునైనా ఆగి, తన వ్యాసం అచ్చులో చూసుకుని ఒంటరిగా పొంగిపోవాలి. అన్నీ కుదిరాయి. ఆఖరిది తప్ప.

“సూసినవా మాస్టర్ సాబ్?” బీడీ కట్టలు సర్దుతూ మొగిలయ్య అన్నాడు. “మన హన్మాండ్లు! పొద్దుగాల నుంచి ఆరుగురికి సదివి ఇనిపించిన. గుర్రంతోని ముచ్చట పెట్టుడు తప్ప ఏం రాదనుకున్నం. ఏం రాసిండు భాయ్!”

“వానికి ఓనమాలు రావు, మొగిలయ్యా!”

“రాకుంటే ఏమాయె? ఎవనితోనన్న రాయిపిచ్చి ఉంటడు. రాసుడు ఏం పెద్ద పని? తోచుడు గదా గొప్ప!”

రాసుడు ఏం పెద్ద పని. ఆ మాట శాంతిరాజు కడుపులో పచ్చిమిరపకాయలా దిగింది. అక్కడినుంచి అమీర్‌పేట దాకా నడిచాడో పరుగెత్తాడో అతనికే తెలియదు.

*

అది నా వ్యాసం అని గట్టిగా అరిచి చెప్పుకోవడానికి శాంతిరాజుకు ఒక చిన్న అడ్డంకి ఉంది. అరిస్తే ఉద్యోగం పోతుంది.

మిషను బడి మాస్టర్లు నాటకాలకూ బయస్కోపులకూ పోకూడదు. పోయినట్టు తేలితే పాస్టరు జీవానందంగారు రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు సంస్కారానికి దూరంగా కూర్చోబెడతారు. ఆ వెనకే బడి నుంచి కూడా సెలవు. పైగా శాంతిరాజు ఆదివారం ఆరాధనలో పాటలు ఎత్తుకునే మనిషి. అంతకంటే పెద్ద భయం ఇంట్లో ఉంది. భార్య నవోమి సంఘపెద్ద కూతురు. పెళ్ళయిన వారానికే చెప్పేసింది: “తాగొచ్చినా ఓర్సుకుంట. అబద్ధమాడితే మాత్రం మా నాయినింటికి పోత.” నవోమి అన్నమాట తప్పే మనిషి కాదు. బుధవారం బుధవారం సికింద్రాబాదులో ఆడవాళ్ళకు కుట్టు క్లాసు చెబుతుంది, జ్వరమొచ్చినా మానదు.

అలాంటి ఇంట్లో ఉంటూ శాంతిరాజు ప్రతి శనివారం మధ్యాహ్నం ‘సికింద్రాబాదు చర్చిలో పాటల అభ్యాసం’ అని చెప్పి హనుమాండ్లు టాంగా ఎక్కేవాడు. టాంగా టాకీసు ముందు ఆగేది. ఆ ఒక్క ఏడాదిలో పదకొండు సినిమాలు చూశాడు. కొన్ని రెండేసి సార్లు. యుద్ధం మొదలై నాలుగేళ్ళు దాటింది, పెట్రోలు లేక బస్సులు తగ్గిపోయాయి. టాంగా ఒక్కటే దిక్కు. హనుమాండ్లు నోరు ఒక్కటే ధైర్యం. “ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి” అని మొదటి శనివారమే బల్కంపేట ఎల్లమ్మ తల్లి మీద ఒట్టు వేయించుకున్నాడు.

చూసినవాడు ఊరుకుంటే సరిపోయేది. కానీ శాంతిరాజుకు తన అభిరుచి మీద అంతులేని గురి. మద్రాసు వారపత్రిక ‘ఈ ఏడు మీకు నచ్చిన అయిదు చిత్రాలు ఏవి, ఎందుకు?’ అని అడగ్గానే చెయ్యి ఆగలేదు. ‘మూగరాణి శపథం’, ‘శంఖుపాల చరిత్రం’, ‘వెండి మొలతాడు’, ‘ఏడు తాళాల మేడ’, చివరికి తాను మూడుసార్లు చూసిన ‘కత్తిగుర్తు కోట’. ఒక్కోదానికి ఒక్కో పేరా. కింద పేరు రాయడానికి ధైర్యం చాలక ‘ఒక రసికుడు’ అని సంతకం చేశాడు. అమీర్‌పేటలో తపాలా డబ్బా సరిగ్గా పాస్టరుగారి గుమ్మం ఎదుట ఉండటంతో, కవరును హనుమాండ్లు చేతిలో పెట్టి, “సికింద్రాబాదుల డబ్బాల ఎయ్యి” అన్నాడు.

అంతే. ఆ కవరు పోయేటప్పుడు రసికుడితో పోయి, వచ్చేటప్పుడు హనుమాండ్లుతో వచ్చింది.

బడి వెనక చింతచెట్టు కింద నిలబడి శాంతిరాజు వ్యాసం మొత్తం చదివాడు. నాలుగు పేరాలు తనవే. అయిదో పేరా దగ్గర వేలు పెట్టి మళ్ళీ చదివాడు. ‘కత్తిగుర్తు కోట’ లేదు. దాని చోట తాను చూడనైనా చూడని ఏడుపు సినిమా ‘పగడాల పల్లకి’ ఉంది! దాని కింద మూడే మూడు వాక్యాలు:

‘ఈ చిత్రాన్ని నేను పర్దా చాటున కూర్చుని చూశాను. అయినా ఆ పల్లకిని మా ఇంటి గుమ్మం ముందే దించినట్టు గుండె ఝల్లుమంది. లోపల కూర్చున్న పిల్ల దిగలేదు కానీ, నేను మాత్రం లేచి ఎదురు వెళ్ళాను.’

ఆ కింద సంపాదకుడి మాట: ‘అయిదో పేరా కోసమే ఈ బహుమతి.’

శాంతిరాజు పత్రికను మడిచాడు. మళ్ళీ విప్పాడు. తన వాక్యాలు దొంగిలించిన మనిషి మీద కోపం రావడం న్యాయం. కానీ తన వాక్యాల పక్కన అంతకంటే మంచి వాక్యం రాసిన మనిషి మీద వచ్చేదాన్ని ఏమంటారు? దాని పేరు తెలిసినా శాంతిరాజు ఆ పూట ఒప్పుకునేవాడు కాదు.

*

హనుమాండ్లు పాక ముందు గుర్రానికి మాలీసు చేస్తున్నాడు. గుర్రం పేరు బాద్షా.

“కవరు ఏం చేసినవ్?”

“డబ్బాలనే పడ్డది సాబ్.”

“పడ్డదా, ఏసినవా?”

హనుమాండ్లు చెయ్యి బాద్షా వీపు మీద ఆగిపోయింది. “పడ్డదన్న గదా.”

“మధ్యల ఎవరు విప్పిండ్రు? నీ పేరు ఎవరు రాసిండ్రు? ఆ పల్లకి ముచ్చట ఎవరిది?”

“నేను చెప్పరాదు సాబ్. ఒట్టేసిన.”

“నాకు గదా ఒట్టేసింది!”

“మీకు ఏసింది ఏరే. ఇది ఇంకో ఒట్టు.”

“ఎవరికి?”

“అది సుత ఒట్టులనే ఉన్నది,” అని హనుమాండ్లు నిట్టూర్చాడు. “ఒట్టు తప్పితే ఎల్లమ్మ తల్లి నన్నేమనదు, బాద్షా కాలు తీసుకుంటది. నా కాలైతే చెప్తుంటి.”

“పోనీ, అది నువ్వు రాయలేదని పత్రికోళ్ళకు చెప్పు!”

“ఎట్ల చెప్త? మరెవరు రాసిండ్రని అడుగుతరు. మీ పేరు చెప్తే మీ ఒట్టు పాయె. ఆ ఇంకొకరి పేరు చెప్తే ఆ ఒట్టు పాయె. నాకు ఉన్నది ఒక్కటే గుర్రం.” గొంతు తగ్గించాడు. “ఇంకో ముచ్చట సాబ్. ఇరవై ఏండ్ల సంది మా ఇంటామె మంగవ్వ నాకు ఆఖరికి ఒడ్డిస్తది. ఇయ్యాల్ల ముందుగాల ఒడ్డించింది. పీట ఏసి. నెయ్యి సుత. ఎట్ల కాదంట?”

శాంతిరాజు పళ్ళు నూరుకుంటూ వెనక్కి తిరిగాడు. ఆ నెయ్యి న్యాయంగా తన అన్నంలో పడవలసింది.

*

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తన వాకిట్లోనే ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని ఉన్నారు. మధ్యలో నవోమి. చేతిలో ఆ పత్రిక.

“మా ఆయన ఏం రాసిండో నాకు తెల్వద్దా, అమ్మా? జర సదువు,” అని మంగవ్వ తెచ్చిందట. పాస్టరుగారికి తెలిస్తే ఎలా అని ఎవరో అంటే, “చూసుడు తప్పు గని సదువుడు తప్పని ఎక్కడుంది?” అని నవోమి మొదలుపెట్టిందట.

శాంతిరాజు లోపలి గదిలో తలుపు చాటున నిలబడ్డాడు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో భార్య తన రాతను పైకి చదవడం ఇదే మొదటిసారి. తనదని తెలియకుండా చదువుతోంది, అంతే. మొదటి పేరా గడగడా చదివేసింది. రెండోది ఇంకా వేగంగా. ‘కరుణ రసము కట్టలు తెంచుకొని ప్రేక్షక హృదయ క్షేత్రములను ముంచెత్తినది’ అన్న చోట, అతను రెండు రోజులు కుస్తీ పట్టిన ఆ చోట, ఆవులించింది.

“గీ నాలుగు బడి మాస్టరు ఎవరో రాసినట్టున్నయ్,” అంది నవోమి. ఆడవాళ్ళు నవ్వారు. “ఇగ ఇది వినుండ్రి.”

అయిదో పేరా మెల్లగా చదివింది. చివరి మాటను రెండుసార్లు చదివింది. మంగవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుని, “ఇంట్ల ఉప్పు ఉన్నదా అని సుత సక్కగ అడగడు మా ఆయన. లోపల గింత ఉన్నదా!” అంది.

“ఉన్నది మంగవ్వా. నీ అదృష్టం,” అంది నవోమి.

శాంతిరాజు ఇక ఆగలేక బయటికి వచ్చాడు. “అదృష్టమా? వాక్యమే తప్పు! పర్దా చాటున అంటాడేంది? సినిమా పర్దా మీద కనపడతది. చాటున ఏం కనపడతది?”

నవోమి తలెత్తి చూసింది. “మీకెట్ల ఎరుక?”

ఆడవాళ్ళ తలలన్నీ అతని వైపు తిరిగాయి.

“ఎన్నడన్న చూసిండ్రా మీరు?”

“ఎవరో... అనుకుంటుంటే విన్న,” అని శాంతిరాజు లోపలికి పోయి రెండు చెంబుల నీళ్ళు తాగాడు. వాకిట్లో నుంచి నవోమి గొంతు మళ్ళీ వినిపించింది, “మనసున్నోడు రాసిండు” అని. నీళ్ళు గొంతులో అడ్డం పడ్డాయి.

ఆ రాత్రి కంచంలో మామిడికాయ పప్పు. “హన్మాండ్లన్నకు సుత ఓ గిన్నె పంపిన,” అంది నవోమి. శాంతిరాజు చెయ్యి కడుక్కున్నాడు.

*

తర్వాతి పదిహేను రోజులూ అమీర్‌పేటలో హనుమాండ్లు వైభవం చూడలేక శాంతిరాజు పాఠాలు గోడ వైపు తిరిగి చెప్పాడు.

ఎర్రమంజిల్ నుంచి వచ్చే గుమాస్తాలు వేరే టాంగాలు వదిలి హనుమాండ్లు టాంగానే ఎక్కసాగారు. “ఈ వారం ఏ సినిమాకు పోవాలె, అన్నా?” అని అడుగుతారు. హనుమాండ్లు కాసేపు ఆలోచించి, “గుర్రమున్నదానికి పోండ్రి,” అంటాడు. దాన్ని వాళ్ళు ఎంతో లోతైన మాటగా తీసుకుంటారు. టాకీసు బయట పదేళ్ళుగా నిలబడ్డా, గుర్రాన్ని ఒంటరిగా వదలలేక అతను ఒక్కసారి కూడా లోపలికి పోలేదన్న సంగతి శాంతిరాజు ఒక్కడికే తెలుసు. చెప్పడానికి లేదు. చెబితే, నీకెట్ల తెలుసని అడుగుతారు.

ఇంతలో మద్రాసు నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే ఆదివారం పత్రిక ప్రతినిధి స్వయంగా వచ్చి, పూలదండ వేసి, ఫొటో తీసి, ఏడాది పొడుగునా కుర్చీ తరగతిలో కూర్చునే పాసు ఇస్తాడట. నాలుగు ప్రశ్నలు కూడా అడుగుతాడట. ఆ ఉత్తరం హనుమాండ్లుకు చదివి వినిపించింది ఎవరు? శాంతిరాజే. జవాబు రాసింది? శాంతిరాజే. ‘తమ ప్రశంసకు ధన్యుడను’ అని తనకే రావలసిన ప్రశంసకు, ఇంకొకడి తరఫున, తన చేత్తో.

ఊళ్ళో బెంచీలున్న చోటు మిషను బడి ఒక్కటే. అడగడానికి వెళితే పాస్టరు జీవానందంగారు గడ్డం నిమురుకున్నారు. “సినిమా పాపమే. కానీ చదువు రాని మనిషికి ఇంత మంచి తెలుగు అబ్బడం దేవుని కృప. సభ పెట్టుకోండి. ఆఖర్న సినిమా వల్ల నష్టాల గురించి నేను ఒక గంట మాట్లాడతాను.” ఏర్పాట్లు చూసుకునే పని ఎవరికి అప్పగించారో వేరే చెప్పక్కర్లేదు.

శుక్రవారం హనుమాండ్లు పాకకు పిలిచాడు. “సాబ్, ప్రశ్నలడుగుతరంట. కథలు జర చెప్పుండ్రి, మీ కాళ్ళు మొక్కుత.”

శాంతిరాజు గడ్డిమోపు మీద కూర్చుని ‘మూగరాణి శపథం’ మొదలుపెట్టాడు. రాణి శాపం వల్ల మూగదవుతుంది, అడవిలో ఏడుస్తూ పాడుతుంది...

“ఆగుండ్రి. మూగదెట్ల పాడింది?”

“మనసులో పాడుతది.”

“మనసుల పాడితే బయటున్న నా బాద్షా చెవులెందుకు నిక్కించింది? నాకు సుత ఇనపడ్డది సాబ్, సోడా బండి కాడికి.”

ఆ సినిమాను శాంతిరాజు ఆ ఏటికల్లా మొదటిదిగా నిలబెట్టాడు. రెండుసార్లు చూశాడు, రెండుసార్లూ రుమాలు తడిపాడు. ఈ అనుమానం మాత్రం తట్టలేదు.

మర్నాడు పొద్దున మొగిలయ్య దుకాణం ముందు జనం విరగబడి నవ్వుతున్నారు. “మూగరాణి పాట! ఇన్నొద్దులు మనకు తోచిందా? హన్మాండ్లుకు తోచింది!” శాంతిరాజు దుకాణానికి దూరంగా, ఎండలో, చుట్టూ తిరిగి నడిచాడు.

*

ఆదివారం ఆరాధన అయ్యాక, మూడింటికల్లా బడి ఆవరణ నిండిపోయింది. మగవాళ్ళు బెంచీల మీద, ఆడవాళ్ళు వరండాలో చాపల మీద. ఎత్తరుగు మీద పాస్టరుగారు, పత్రిక ప్రతినిధి, కొత్త రుమాలు చుట్టుకున్న హనుమాండ్లు. హనుమాండ్లు వెనక, చెక్క స్టాండు మీద నల్లబల్ల. నల్లబల్ల వెనక శాంతిరాజు. ప్రశ్న వచ్చినప్పుడల్లా జవాబు అందించడం అతని పని. తన దండకు తానే స్టాండులా నిలబడ్డాడు.

ప్రతినిధి కోస్తా మనిషి. మర్యాదగా దండ వేసి, “ఏమండీ హనుమాండ్లు గారూ, ‘శంఖుపాల చరిత్రం’ మీకంత బాగా నచ్చడానికి కారణం ఏంటండీ?” అన్నాడు.

“కరుణ రసం పొంగింది,” అని నల్లబల్ల గుసగుసలాడింది.

“రసం పొంగింది,” అన్నాడు హనుమాండ్లు.

“పొంగితే మంట తగ్గియ్యాలె!” అని వరండాలోంచి మంగవ్వ అరిచింది. ఆవరణ గొల్లుమంది. ప్రతినిధి కూడా నవ్వి, “ఆహా, దంపతులిద్దరూ చమత్కారులేనండీ,” అని రాసుకున్నాడు. నల్లబల్ల వెనక ఒక సుద్దముక్క పటుక్కున విరిగింది.

“ఇప్పుడు అసలు సంగతికి వద్దామండీ,” అన్నాడు ప్రతినిధి. “నిజం చెప్పాలంటే మొదటి నాలుగు పేరాలూ మా సంపాదకులు కొట్టేద్దామనుకున్నారు. మరీ ఒత్తి ఒత్తి రాసినట్టుంది, పిల్లలకు డిక్టేషను చెప్పినట్టుంది అన్నారు. నేనే అడ్డుపడి, పోనీలెండి పాపం, అని వేయించాను.”

పోనీలెండి పాపం!

నల్లబల్ల ఊగింది. తర్వాత ముందుకు పడింది. హనుమాండ్లు తప్పుకోబట్టి సరిపోయింది. సుద్దపొడి మబ్బులోంచి శాంతిరాజు బయటపడ్డాడు.

“ఎవడు పాపం? ఏది డిక్టేషను? ఆ నాలుగు పేరాలు ఎవరు రాసిండ్రో తెలుసా నీకు? నేను రాసిన! పదిహేను రోజులు కూసోని రాసిన! గీ హన్మాండ్లు టాకీసు గడప తొక్కలేదు. చూసింది నేను, ఏడ్చింది నేను, రాసింది నేను!”

పాస్టరుగారు మెల్లగా అడిగారు, “నువ్వు చూశావా, శాంతిరాజూ? ఆ అయిదూ?”

“అయిదు కాదు అయ్యగారూ. పదకొండు,” అన్నాడు శాంతిరాజు. అని, తన నోటినుంచి వచ్చిన అంకె విని తానే బెదిరిపోయాడు. వరండా వైపు చూడటానికి ధైర్యం చాల్లేదు. నవోమి పుట్టింటికి కట్టే మూట కళ్ళకు కట్టింది.

“అయితే అయిదో పేరా కూడా తమదేనాండీ?” ప్రతినిధి ఆశగా పెన్ను తీశాడు.

అవునంటే చాలు. ఉద్యోగం ఎలాగూ పోయింది, కీర్తి అయినా దక్కుతుంది. శాంతిరాజు నోరు తెరిచాడు. కానీ ఆ మూడు వాక్యాల మీద ఈర్ష్యతో పదిహేను రోజులుగా నిద్ర పట్టని మనిషి, వాటిని తనవని చెప్పుకోలేకపోయాడు. “కాదు. అది నాది కాదు,” అన్నాడు నీరసంగా. “ఎవరిదో తెల్వదు. పర్దా మీద చూసేదాన్ని పర్దా చాటున అని రాసినోడు ఎవడో.”

ప్రతినిధి విస్తుపోయాడు. “అదేంటండీ? పర్దా అంటే వెండితెర అనుకున్నారా? జనానాలో ఆడవాళ్ళ ముందు కట్టే బట్ట పర్దా అండీ! హాల్లో దీపాలు ఆర్పాక గానీ తియ్యరు. అది రాసింది మగవాడు కాదు. ఆడమనిషి.”

శాంతిరాజు హనుమాండ్లు వైపు తిరిగాడు. ఒక ఆడమనిషి. హనుమాండ్లు టాంగాలో టాకీసుకు పోయే ఆడమనిషి. “హన్మాండ్లూ! ఎవరా ఆడమనిషి?”

“గదే నేను సుత అడుగుతున్న!” మంగవ్వ చాప మీంచి లేచింది. కొంగు నడుముకు బిగించింది. “ఎవతె అది? ఎవతె నీ టాంగాల కూసోని గుండె ఝల్లుమన్నది? ఎవతెకు ఒట్టేసినవ్? పదిహేను రోజులు నెయ్యి పోసిన గదరా నీకు!”

హనుమాండ్లు మెళ్ళోని దండ కన్నా వాడిపోయాడు. చెమట కారుతోంది. గేటు దగ్గర కట్టేసిన బాద్షా కాళ్ళ వైపు ఒకసారి, మంగవ్వ చేతిలోని చెప్పు వైపు ఒకసారి చూశాడు. పెదవులు బిగించాడు.

మంగవ్వ ఎత్తరుగు మెట్టు ఎక్కింది. రెండో మెట్టు మీద ఎవరో వెనకనుంచి ఆమె చెయ్యి పట్టుకున్నారు. శాంతిరాజు చూశాడు. చూసి, పడిపోయిన నల్లబల్ల మీదే చతికిలబడ్డాడు.

“కూసో మంగవ్వా,” అంది నవోమి. “నీ మొగడు నిప్పుసోంటోడు. ఆ ఆడమనిషిని నేనే.

“అయ్యగారూ, ఆ మూడు వాక్యాలు నేనే రాసిన. సికింద్రాబాదుల కుట్టు క్లాసు గంటకే అయిపోతది. అటెన్క టాకీసుకు పోయి జనానాల కూసుంటున్న, ఏడాది సంది. డిసెంబరుల ఒక బుధవారం టాంగ దిండు కింద కవరు దొరికింది. హన్మాండ్లన్న డబ్బాల ఎయ్య మరిచిపోయిండు. చేతిరాత చూడంగనే తెలిసింది, శనివారం పాటల అభ్యాసం ఏందో. మస్తు కోపమొచ్చింది. ఇంటికి పోయి అడుగుదామంటే, టాకీసు కాడ ఆ టాంగల నువ్వెందుకు ఉన్నవని ఆయన నన్ను అడుగుతడు. అందుకని అడగలే. చదివిన. కింద పేరు లేదు, పేరు లేకుంటే బుట్టల ఏస్తమని పత్రికోళ్ళు రాసిండ్రు. ఆయన పేరు రాస్తే బడి పోతది, నా పేరు రాస్తే కాపురం పోతది. మా ఇద్దరి సంగతి ఎరికుండి, ఇద్దరికీ ఒట్టేసి నోరు తెరవని మనిషి ఒక్కడే ఉన్నడు. హన్మాండ్లన్న పేరు రాసిన. కత్తుల సినిమా కొట్టేసింది సుత నేనే. నేను చూసిన అది. మూడు గంటలు ఇనుము చప్పుడు తప్ప ఏం లేదు.

“పదిహేను రోజుల సంది హన్మాండ్లన్నను ఎందుకు పొగిడిన అంటరా? మా ఆయన కడుపు మండి, ‘అది నాది’ అని నాకు చెప్తడేమో అని. చెప్పలే. ఊరందరికీ చెప్పిండు, నాకే చెప్పలే. నేను సుత చెప్పలే కాబట్టి ఇద్దరం సమానం, పుట్టింటికి పోను. శిక్ష ఎయ్యాల్నంటే ఇద్దరికీ ఏయుండ్రి, అయ్యగారూ. వచ్చే ఏడు మాత్రం గీ దొంగతనం ఉండదు. నేను చెప్త, ఆయన రాస్తడు. మా ఆయన చేతిరాత మస్తుగుంటది.”